ద్రాక్షగుత్తివారి కాలనీ

చామర్తి సోమయాజులు గారి తెలుగు మీద తాతబ్బాయికి ఉన్నంత కక్ష మరొకరికి ఉండదు. తుఫానుకి కొబ్బరిచెట్లు పోగొట్టుకున్నవాళ్ళు కడలిపర్రులో ఉన్నారు. పాలివాళ్ళు గట్టు జరుపుకుంటూ వస్తే సగం పొలంచెక్క పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. కానీ ఒక మనిషి రాసిన వాక్యం వల్ల పొలం పోగొట్టుకున్నవాడు మాత్రం ఆ ఊరు మొత్తానికి కొప్పిశెట్టి తాతబ్బాయి ఒక్కడే. ఆ వాక్యంలో వ్యాకరణదోషం ఒక్కటంటే ఒక్కటి లేదని సోమయాజులు గారు ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజమే. లేదు.

తాతబ్బాయి ఆరో క్లాసు మధ్యలో బడి మానేశాడు. ఇప్పుడు యాభై రెండేళ్ళు. కడలిపర్రు శివారున వెలసిన పెప్టైడ్ పరిశోధనా కేంద్రంలో అటెండరు. క్రిములు పెంచే గాజు మూకుళ్ళు కడగడం అతని పని. కేంద్రం వెనక గోడకి ఆనుకునే అతని పొలం. తల్లి వాటాగా వచ్చిన ఒండ్రునేల. ఒక పక్క కంద, ఒక పక్క పసుపు, నడుమ నీళ్ళు పారే బోదె. భూమండలం మీద అతనిదని చెప్పుకోడానికి ఆ చెక్క తప్ప ఇంకేమీ లేదు. కూతురి పెళ్ళికి కూడా అమ్మలేదు, తాకట్టు కూడా పెట్టలేదు.

ఆ బోదెలో ఒక రకం కప్పలున్నాయి. పచ్చగా, వీపు మీద నల్లచారతో ఉంటాయి. కేంద్రంలో శాస్త్రవేత్త డాక్టర్ రెహానా ఏడేళ్ళుగా వాటి వెంటే ఉన్నారు. కప్పని మెల్లిగా పట్టుకుని, వీపు మీద తడిదూదితో తుడిచి, మళ్ళీ బోదెలో వదిలేసేవారు. మొదట్లో తాతబ్బాయి ఆవిడకి మతి చలించిందేమోనని అనుమానపడ్డాడు. ఒకరోజు ఆవిడే కూర్చోబెట్టి చెప్పారు.

"తాతబ్బాయి గారూ, ఈ మూకుట్లో ఉన్న క్రిములు మందుకి చచ్చే రకం కాదు. ఆసుపత్రిలో ఉన్న యాంటీబయాటిక్స్ అన్నీ తాగేసి, ఇంకేమైనా ఉందా అని అడిగే రకం."

"మా బావమరిది లాగన్నమాటండి."

"అంతకంటే కొంచెం నయం. ఇవి మాట్లాడవు. ఈ కప్ప ఉంది చూశారా, రోజంతా మురుగులో ఉంటుంది, ఒంటి మీద ఒక్క పుండు ఉండదు. ఎందుకంటే దీని చర్మంలో పెప్టైడ్ ఉంది. పెప్టైడ్ అంటే పూసల దండ అనుకోండి. ఇరవై ఒక్క పూసలు. ఆ దండ పోయి క్రిమికి చుట్టుకుంటే దాని తొక్కకి చిల్లులు పడతాయి. లోపలిదంతా బయటికి కారిపోతుంది."

"సైకిలు ట్యూబుకి మేకు దిగినట్టు."

"అదే. మామూలు మందుకైతే అది ఉపాయం నేర్చేసుకుంటుంది. ఇన్ని చిల్లులకి ఒకేసారి పంక్చరు వేసుకోవడం అంత తొందరగా రాదు."

ఆ రోజు నుంచి తాతబ్బాయి బోదె వైపు ఎవరైనా వలతో వస్తే కర్ర తీసుకుని బయల్దేరేవాడు. తన కప్పలు మామూలు కప్పలు కావు.

ఆ దండనే యంత్రంలో తయారుచేసి రెహానా గారు దానికి కె-21 అని పేరు పెట్టారు. ఒక బుధవారం మధ్యాహ్నం మూకుళ్ళలో చుక్కలు చుక్కలుగా పెరిగిన మొండి క్రిముల గుంపుల్ని లెక్కపెట్టారు. ఒక్కో చుక్కని వాళ్ళ భాషలో కాలనీ అంటారు. మొత్తం మూడువందల పన్నెండు. ఒక్కో మూకుట్లో ఒక్కో బొట్టు కె-21 వేశారు. గురువారం ఉదయానికి ఒక్క చుక్క లేదు. ఆవిడ మూకుడు కిటికీ వెలుతురులో పెట్టి చూశారు, తాతబ్బాయిని చూడమన్నారు, మళ్ళీ తను చూశారు. తర్వాత సంచీలోంచి ఖర్జూరాల డబ్బా తీసి, గేటు దగ్గర కాపలాదారుతో సహా అందరికీ పంచారు.

సంతోషం అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నివేదిక పంపాలి కదా.

అప్పటికి నెల ముందే పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట నివేదికలన్నీ అచ్చంగా తెలుగులోనే ఉండాలి, పరాయి మాట కనబడితే సంజాయిషీ ఇవ్వాలి. ఆఫీసు సూపరింటెండెంటు సోమయాజులు గారికి భాషామలు అధికారిగా అదనపు బాధ్యత అప్పగించారు. ముప్పై ఏళ్ళుగా సెలవు చీటీలు తప్ప మరేమీ రాయని ఆయన చేతికి అది అందిన క్షణం నుంచి ఆయన నడకే మారిపోయింది. రెహానా గారు ఇంగ్లీషులో రాసిచ్చిన నాలుగు వాక్యాలతో మూడు రోజులు కుస్తీ పట్టి, పూర్తయ్యాక వినడానికి ఇంకెవరూ దొరక్క తాతబ్బాయిని పిలిచారు.

"వినవోయ్. 'కె-21 ప్రయోగించిన పద్దెనిమిది గంటలలో, ప్రతిఘటించిన ద్రాక్షగుత్తి వర్గీయుల కాలనీలు మూడువందల పన్నెండింటిని సమూలముగా నిర్మూలించడమైనది. నివాసులలో ఒక్కరును మిగలలేదు. ఈ విజయమును ఇతర ప్రాంతములకు విస్తరింపజేయుటకు నిధులు కోరడమైనది.' ఎలా ఉంది?"

"గట్టిగా ఉందండి. మరి డాక్టరమ్మగారు క్రిమికి ఏదో పేరు రాసేరు కదండీ, స్టాఫిలో..."

"గ్రీకు మాటోయ్ అది! స్టాఫిలే అంటే ద్రాక్షగుత్తి. విడగొట్టి అచ్చతెలుగులో కూర్చాను."

"మరి కాలనీ అని ఉంచేశారేటండి?"

సోమయాజులు గారు జాలిగా చూశారు. "కాలనీ తెలుగే కదోయ్. నేనుండేదెక్కడ? బ్యాంకు కాలనీ."

తాతబ్బాయికి అది సబబుగానే తోచింది. తన మేనకోడలుండేది కూడా టీచర్స్ కాలనీలోనే.

నివేదిక జిల్లా కేంద్రానికి వెళ్ళింది. అక్కడ తపాలా గుమాస్తా ఉత్తరాలు పూర్తిగా చదవడు. చదివితే సాయంత్రానికి తెమలదు. మొదటి పెద్ద మాట ఏది కనబడితే ఆ విభాగానికి పంపేస్తాడు. కాలనీ కనబడింది. నిర్మూలన కనబడింది. కాగితం తిన్నగా పునరావాస విభాగానికి పోయింది.

పదో రోజున కేంద్రం గేటు ముందు మూడు జీపులు, ఒక నీళ్ళ ట్యాంకరు ఆగాయి. ముందు జీపులోంచి స్పెషల్ డిప్యూటీ కలెక్టరు త్రివిక్రమ్ గారు దిగారు. వెనక జీపులోంచి ఇద్దరు కానిస్టేబుళ్ళు, మూడో జీపులోంచి మూడువందల పన్నెండు పులిహోర పొట్లాలు దిగాయి.

"నిర్వాసితులు ఎక్కడ?" అన్నారు త్రివిక్రమ్ గారు.

రెహానా గారికి అర్థం కావడానికి పావుగంట పట్టింది. అర్థమయ్యాక ఆవిడ నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నారు. తర్వాత కళ్ళు తుడుచుకుని, అధికారిని లోపలికి తీసుకెళ్ళి, ఇంకో మూకుట్లో బతికున్నవాటిని మైక్రోస్కోపులో చూపించి, కాలనీ అంటే ఏమిటో చెప్పారు. త్రివిక్రమ్ గారు చాలాసేపు చూశారు. గుండ్రటి క్రిములు గుత్తులు గుత్తులుగా కనబడ్డాయి. ఆయన తల ఎత్తేసరికి ఇక సారీ చెప్పి జీపెక్కుతారని తాతబ్బాయి అనుకున్నాడు.

"డాక్టర్ గారూ, తమ దృష్టిలో ఇది హాస్యాస్పదం కావచ్చు. కానీ ఫైలుకి నంబరు పడింది. నంబరు పడ్డ ఫైలు పొరపాటున తెరవబడినదని రాస్తే, తెరిచినవారి మీద విచారణ జరుగుతుంది. తెరిచింది నేను."

"కానీ సార్, ఇవి సూక్ష్మజీవులు!"

"అది మీ శాఖాపరమైన అభిప్రాయం. చట్టం ఏమంటోందో చూద్దాం." ఆయన పుస్తకం తెప్పించారు. "'కాలనీ యనగా హద్దులు గల స్థలములో గుంపుగా నివసించుచున్న పది లేక అంతకు మించిన నివాసముల సముదాయము.' మూకుడికి హద్దుందా?"

"గుండ్రంగా ఉందండి," అన్నాడు తాతబ్బాయి, ఎవరూ మాట్లాడకపోతే బాగుండదని.

"రాయండి, హద్దు కలదు. గుంపుగా ఉన్నారా? నేనే చూశాను. ఉన్నారు. నివాసులు మనుషులై ఉండవలెనని ఎక్కడైనా ఉందా, సోమయాజులు గారూ?"

సోమయాజులు గారు కళ్ళజోడు సవరించుకుని వాక్యాన్ని అటూ ఇటూ పరిశీలించారు. "లేదండీ. నివసించునది ఎవరో ఈ వాక్యంలో చెప్పలేదు. కర్త లోపించింది."

"అంతే. చట్టం ఎవరినీ వేరుగా చూడలేదు."

పులిహోర తిరిగి పంపడానికి వీల్లేదు, పంపిణీ అయినట్టు అప్పటికే రాసేశారు. కానిస్టేబుళ్ళు, ట్యాంకరు డ్రైవరు, ఊళ్ళో సగం మంది తిన్నారు. లబ్ధిదారుల తరఫున స్వీకరించినట్టు తాతబ్బాయి సంతకం పెట్టాడు. అది మొదటి సంతకం.

మర్నాటి నుంచి కేంద్రంలో కొత్త పద్ధతి వచ్చింది. ఏ మూకుట్లోనైనా పెప్టైడ్ బొట్టు వేయాలంటే ఏడు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసు మూత మీద అంటించాలి. చదవడం రానివాళ్ళ కోసం దండోరా కూడా వేయించాలి. డప్పు తాతబ్బాయి మెడలో పడింది.

"ఇందుమూలంగా యావన్మంది ద్రాక్షగుత్తి వర్గీయులకు తెలియజేయునదేమనగా..." అని అతను ఫ్రిజ్జుల మధ్య డప్పు కొట్టుకుంటూ తిరుగుతుంటే రెహానా గారు చెవులు మూసుకుని కూర్చునేవారు.

ఒకరోజు ఆవిడ త్రివిక్రమ్ గారి దగ్గరికే వెళ్ళారు. "సార్, ఇవి ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. ఏడు రోజులాగితే మూకుడంతా నిండిపోతుంది, ప్రయోగమే కుదరదు."

"అంటే లబ్ధిదారుల సంఖ్య పెరుగుతోందన్నమాట. సంతోషం. జిల్లాకి మంచి పేరు వస్తుంది."

"అవతల పెద్దాసుపత్రిలో పుళ్ళు మానక కాళ్ళు తీయించుకుంటున్నవాళ్ళున్నారు సార్! వాళ్ళ కోసం కదా ఈ మందు!"

"వారు రోగులమ్మా. అది వైద్యశాఖ. నేను పునరావాసం."

తర్వాత ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. షామియానా వేసి, మొదటి వరసలో కుర్చీకొక మూకుడు పెట్టారు. ఎండ తగలకుండా తడిగుడ్డలు కప్పారు. అభ్యంతరాలుంటే చెప్పమని మూడుసార్లు మైకులో అడిగారు. మొదటి వరస నుంచి జవాబు రాలేదు. ప్రతినిధి లేకుండా అభిప్రాయం నమోదు చేయడానికి వీల్లేదని త్రివిక్రమ్ గారికి అప్పుడు గుర్తొచ్చింది.

"వీరితో నిత్య సంబంధాలున్న స్థానికుడెవరు?"

సోమయాజులు గారు తాతబ్బాయి భుజం మీద చెయ్యి వేశారు. "ఇతనేనండి. రోజూ కడిగేది ఇతనే."

అలా ద్రాక్షగుత్తి వర్గీయుల నిర్వాసితుల సంక్షేమ సంఘానికి తాతబ్బాయి అధ్యక్షుడయ్యాడు. మెడలో బంతిపూల దండ వేశారు. చేతుల కుర్చీలో కూర్చోబెట్టారు. సభకొచ్చిన తహశీల్దారు గారు 'అధ్యక్షా' అని పిలిచారు. ఇరవై ఏళ్ళుగా 'ఏమోయ్' తప్ప ఇంకో పిలుపు ఎరగని మనిషికి అది కాస్త తలకెక్కింది. ఎక్కలేదని తర్వాత ఎన్నిసార్లు చెప్పినా అతని భార్య మంగాయమ్మ నమ్మలేదు.

ఆవిడ అన్నం వడ్డిస్తూ అడిగింది. "ఏమయ్యా, క్రిములకి సంఘమేటి, దానికి నువ్వు పెసిడెంటువేటి? రేపు ఆళ్ళందరూ మనింటికి బోయినానికొస్తారా?"

"నీకు తెలవదే. పెద్ద హోదా అది. డిప్యూటీ కలెక్టరు గారి పక్కన కుర్చీ ఏసేరు."

"కుర్చీ ఎవరికైనా ఏస్తారు. లేచాక కింద ఏం మిగిలిందో చూసుకో."

అతను కంద పులుసు ఇంకో గరిటె వేసుకున్నాడు.

పునరావాసమంటే స్థలం కావాలి. నియమావళి ప్రకారం నిర్వాసితులకి పాత నివాసానికి ఆనుకునే, అదే తేమ, అదే వాతావరణం గల స్థలం చూపించాలి. ఆనుకుని ఉన్నది ఒక్కటే. ఎవరి స్థలమో వాళ్ళని పిలిచి నోటీసిచ్చి, ధర కట్టి తీసుకోవాలంటే రెండేళ్ళు పడుతుంది. స్థల యజమానే సంఘం అధ్యక్షుడు కావడం జిల్లా చరిత్రలో ఎన్నడూ ఎరగని సౌకర్యం అని త్రివిక్రమ్ గారు ఫైలులో రాసుకున్నారు. సంఘం తీర్మానాలు, విన్నపాలు, అంగీకారాలు కలిపి నలభై పేజీలు తయారయ్యాయి. రాసింది సోమయాజులు గారే.

తాతబ్బాయి గుడ్డిగా సంతకం పెట్టలేదు. ఈ సంగతి అతను ఎదురైనవాళ్ళందరికీ చెబుతాడు, వినాలి కూడా. భూమి కాగితాలంటే ఏమిటో అతనికి తెలుసు. తల్లి దస్తావేజు ట్రంకుపెట్టెలో ఉంది. సర్వే నంబరు, సెంట్లు, దఖలు, ఈ మూడు మాటల్లో ఏది కనబడినా కలం కింద పెట్టేసి లేచిపోయేవాడు. ఒక్కో పేజీ వేలు పెట్టి వెతికాడు. ఒక్క మాటా కనబడలేదు. కనబడవు. సర్వే ఇంగ్లీషు మాట అని సోమయాజులు గారు కొట్టేసి 'కొలతసంఖ్య' అని పెట్టారు. సెంట్లు కొట్టేసి 'శతాంశములు' చేశారు. దఖలు ఉర్దూ మాటట. దాన్ని కొట్టేసి ఆయన చాలా తృప్తిగా రాసుకున్న వాక్యం ఇరవై ఏడో పేజీలో ఉంది: 'సదరు క్షేత్రమును ద్రాక్షగుత్తి వర్గీయులకు స్వచ్ఛందముగా సంక్రమింపజేయుచున్నాను.'

తాతబ్బాయి వేలు అక్కడ ఆగింది. "సంక్రమింప... అంటే ఏటండీ సోమయాజులు గారూ?"

"ఇన్నేళ్ళు ఇక్కడ పనిచేసి సంక్రమణ తెలియదా? క్రిములు ఒకరి నుంచి ఒకరికి పోతాయే, అదోయ్."

"ఓ, అంటుకోవడమాండి."

"అదే, అదే."

క్రిముల కాగితంలో అంటుకోవడం గురించి ఉండడం సహజమే కదా. సంతకం పెట్టాడు. అందంగా కూడా పెట్టాడు, పేరు కింద అధ్యక్షుడు అని రాసి గీత గీశాడు.

ఆ తర్వాతి సోమవారం గోడ వెనక నుంచి మట్టి తవ్వే ప్రొక్లెయినర్ చప్పుడు వినబడితే పంచాయతీ రోడ్డు పని అనుకున్నాడు. మంగాయమ్మ చెప్పుల్లేకుండా పరిగెత్తుకుంటూ వచ్చింది.

"ఓరి నీ పెసిడెంటు తనం పాడుగాను! కంద తవ్వేత్తన్నారు!"

అతను వెళ్ళేసరికి సగం పసుపు మట్టి కింద ఉంది. బోదె ఒడ్డున నలుగురు మనుషులు వలలతో కప్పల్ని పట్టి గోనెసంచుల్లో వేస్తున్నారు. రెహానా గారు ప్రొక్లెయినర్ ముందు నిలబడి అరుస్తున్నారు.

"వీటినెందుకు పడుతున్నారు? ఇంకా ఎన్ని దండలున్నాయో వీటి చర్మంలో! రేపు క్రిమి కె-21కి కూడా అలవాటు పడితే ఎక్కడికి పోవాలి నేను?"

త్రివిక్రమ్ గారు శాంతంగా ఆవిడ పాత నివేదికే ఒకటి తీసి చూపించారు. "నిర్మూలనకు వాడిన పదార్థము సదరు కప్పల నుండి లభించినదని మీరే రాశారు. నిర్వాసితుల కాలనీ పక్కనే వారిని నిర్మూలించినవారిని ఉంచడం శాంతిభద్రతల సమస్య. వీటిని కాలువ అవతలికి తరలిస్తున్నాం. బోదె పూడ్చేస్తున్నాం."

తాతబ్బాయి ఆయన కాళ్ళ మీద పడబోయాడు. "బాబ్బాబూ, ఇది నా పొలమండి. మా అమ్మిచ్చిందండి. నేనెప్పుడిచ్చేనండి?"

"ఇరవై ఏడో పేజీ," అన్నారు త్రివిక్రమ్ గారు. "మీ ఔదార్యం గురించి పైకి ప్రత్యేకంగా రాశాను."

"పోనీ డబ్బైనా..."

"మీరు దాత తాతబ్బాయి గారూ. దాతకి పరిహారం ఇవ్వడమంటే మిమ్మల్ని అవమానించడం. నేనుండగా అది జరగదు."

రెండు నెలల్లో కాలనీ తయారైంది. రేకుల షెడ్డులో వరసలు వరసలుగా సిమెంటు అరుగులు, అరుగుల మీద చుక్కకొకటి చొప్పున మూడువందల పన్నెండు మూకుళ్ళు, వీధికొక నీలంరంగు బోర్డు. వారానికోసారి కొత్త మేత పోస్తారు. ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దలందరికీ ముక్కుకి గుడ్డలు కట్టించారు, పరిస్థితి పూర్తిగా అదుపులో ఉందని ప్రసంగాలు కూడా చేశారు. కె-21 సీసాకి లక్క సీలు వేసి బీరువాలో పెట్టారు. రెహానా గారు సెలవు పెట్టి, కాలువ అవతల బురదలో మోకాళ్ళ లోతున దిగి, ఒక్కో కప్పనీ వెతుక్కుంటున్నారు. నల్లచార వాటిలో పదకొండు దొరికాయట.

తాతబ్బాయి జాయింటు కలెక్టరు గారికి అర్జీ పెట్టుకోవాలనుకున్నాడు. సంగతి తెలిసి సోమయాజులు గారు ఇంటికే వచ్చారు. నిజంగా బాధపడుతూనే వచ్చారు.

"నేను రాసిపెడతానోయ్. చదివినవాడి కళ్ళ నీళ్ళు తిరిగేలా రాస్తాను."

మంగాయమ్మ పొయ్యి దగ్గర నుంచి అట్లకాడతో సహా లేచింది. తాతబ్బాయి ఆవిడని ఆగమని చెయ్యి చూపించాడు.

"వద్దండి. తమరు కూర్చోండి, మజ్జిగ తాగండి. రాత మాత్రం నేనే రాసుకుంటానండి."

ఆరో క్లాసు మానేశాక సంతకం తప్ప మరేమీ రాయలేదు. కలం వేళ్ళలో నిలవలేదు. ఒత్తులు ఎటు పెట్టాలో తెలియక ఒక కాగితం చింపేశాడు, రెండోది నలిపేశాడు. మూడో కాగితం మీద నాలుగు ముక్కలు రాసి, సోమయాజులు గారి చేతికి అందకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

'అయ్యా, నా పొలం పోయింది. నేను ఎవరికీ ఇవ్వలేదు. సర్వే నంబరు 214/3, ఎకరం ముప్పై ఏడు సెంట్లు.'